రెండు చీటీలూ నా గీతా

పెళ్ళి సంబంధాలు కుదిర్చేవాళ్ళంటే నాకు అసూయ. ఈ ఊళ్ళో కుదరకపోతే వాళ్ళు పక్క ఊరు వెళ్తారు. ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది చూస్తారు. డిగ్రీ కాలేజీలో పరీక్షలకు ఇన్విజిలేషన్ లిస్టు వేసేవాడికి ఆ సౌకర్యం ఎక్కడిది? ఉన్నవాళ్ళనే, ఒక్కరు కూడా మిగలకుండా, హాలుకు ఇద్దరు చొప్పున జతపెట్టాలి. ఆ ఇద్దరికీ పడాలి. అన్నీ కుదిరాక సాయంత్రం స్టాఫ్ రూములో ఎవరో ఒకరు టీ గ్లాసు బల్లమీద ఠప్పున పెట్టి, "ఏంటండీ ఈ లిస్టు, మనిషి వేసిందేనా?" అంటారు.

పంతొమ్మిదేళ్ళు ఆ లిస్టు నేనే వేశాను. లెక్కల మేష్టారిని కాబట్టి వేయాలన్నారు. కార్తీక మాసం వనభోజనాలకు బస్సులో సీట్లు సర్దడం కూడా నాదే. లెక్కలంటే అంకెలనీ, అంకెలంటే లిస్టులనీ మా వాళ్ళ అభిప్రాయం. ఆ అభిప్రాయం మార్చడానికి నేను చాలా ప్రయత్నించాను, ఫలితం లేదు. కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న మీకు ఈ పని ఎలాగూ తగులుకుంటుంది కనుక, నేను చేసిన ఒక తప్పు మీకు చెప్పి ఊరుకుంటాను. ఇందులో పేర్లు ఉండవు. కాలేజీ తణుకు, నిడదవోలు మధ్య రైలు కూతలు వినిపించే ఒక ఊళ్ళో ఉంది, అంతవరకు చాలు.

ముందు కొంచెం శాస్త్రం చెప్పాలి. భయపడకండి, భోజనాల బల్ల దగ్గరే తేలిపోతుంది.

మా స్టాఫ్ రూములో ఒక గుండ్రటి బల్ల ఉండేది. ఆరుగురు కూర్చునేవాళ్ళం. ఒక్కొక్కరు ఒక్కరితోనే కూర మార్చుకోవాలనుకోండి. చెయ్యి చాస్తే అందేది కుడిపక్క వాళ్ళ క్యారేజీ, లేదా ఎడమపక్క వాళ్ళది. ఆరుగురూ ఎవరూ మిగలకుండా జతలు కావాలంటే ఎన్ని దారులు? రెండే. అందరూ కుడివైపు నుంచి కలుపుకుంటూ వస్తే ఒకటి, ఎడమవైపు నుంచి వస్తే రెండోది. ఇప్పుడు ఒక మేష్టారు తన కుడిపక్కాయనతో, "మీ వంకాయ కూర నాకు, నా పప్పు మీకు" అని ఖాయం చేసుకున్నారనుకోండి. అక్కడితో అయిపోయింది. మిగతా నలుగురూ ఎవరితో మార్చుకోవాలో వాళ్ళ ఇష్టంతో పని లేకుండా తేలిపోయింది. ఎవరూ మిగలకుండా జతపడటాన్ని సంపూర్ణ జతకూర్పు అంటారు. ఏ కొద్ది జతలు ముందు బిగిస్తే మిగతావన్నీ వాటంతటవే బిగుసుకుంటాయో, ఆ కొద్ది జతల్ని ఫోర్సింగ్ సెట్ అంటారు. తెలుగులో నేను నిర్బంధ సమితి అనేవాణ్ణి. మా కెమిస్ట్రీ వాళ్ళకు ఇది బెంజీన్ చక్రంగా చిరపరిచితం. ఆరుగురి బల్లకు ఒక్క జత చాలు. చుక్కలూ గీతలతో వేసే పెద్ద పెద్ద చిత్రాలకు అతి తక్కువ ఎన్ని జతలు బిగిస్తే చాలు అన్నదే నా ఎం.ఫిల్. రెండేళ్ళు దాని మీద కూర్చున్నాను. బైండింగు చేయించిన ఆ పుస్తకాన్ని నేనూ, మా గైడు గారూ, దాన్ని టైపు చేసినాయనా తప్ప ఇంకెవరూ తెరవలేదని నా నమ్మకం. టైపు చేసినాయనైనా పూర్తిగా చదివి ఉంటే తప్పులు కొన్ని తగ్గేవి.

ఇక కాలేజీ సంగతి. నేను రిటైరు కావడానికి మూడేళ్ళ ముందు, వేసవి సెమిస్టరు పరీక్షలు వచ్చాయి. ఎనిమిది హాళ్ళు. పర్మినెంటు వాళ్ళం ఎనిమిదిమందిమి, గెస్టు లెక్చరర్లు ఎనిమిదిమంది. హాలుకు ఒక పర్మినెంటు, ఒక గెస్టు ఉండాలని మా కాలేజీ నియమం. ఇద్దరిదీ ఒకే సబ్జెక్టు కాకూడదు. చుట్టాలు కాకూడదు. మాటలు లేనివాళ్ళను కలపకూడదు అన్నది రాయని నియమం, దాన్నే అందరూ ఎక్కువ పాటించేవారు. నేను ఒక తెల్లకాగితం మీద ఎడమవైపు పర్మినెంటు వాళ్ళకు ఎనిమిది చుక్కలు, కుడివైపు గెస్టులకు ఎనిమిది చుక్కలు పెట్టి, కుదిరేవాళ్ళ మధ్య పెన్సిలుతో సన్నగా గీతలు గీసేవాణ్ణి. ఖాయమైన జతను పెన్నుతో దిద్దేవాణ్ణి. నా ఎం.ఫిల్ నాకు పనికొచ్చింది ఆ ఒక్కచోటే.

ఈ లిస్టులో అసలు చిక్కు మా కామర్స్ మేష్టారు. మంచి మనిషి. ఎవరింట్లో ఏ కార్యమైనా వడ్డనకు ముందుండే రకం. కానీ పరీక్ష హాల్లో ఆయన ఉన్నారంటే పిల్లలకు పండగ. "పాపం, రాసుకోనివ్వండి" అనేవారు. పేపరు మడతపెట్టుకుని కిటికీ దగ్గర నిలబడి బయటి పంటకాలువలో నీళ్ళు చూస్తుండేవారు. ఆయన్ని అదుపులో పెట్టాలంటే పక్కన గట్టి మనిషి ఉండాలి. హిందీ గెస్టు గారు ఎన్.సి.సి. కూడా చూసేవారు, ఆయన గొంతు విప్పితే పక్క హాల్లో వాళ్ళు కూడా తలెత్తేవారు కాదు. అందుకని ఏటా ఆ ఇద్దరినీ కలిపి నిశ్చింతగా ఉండేవాణ్ణి.

ఆ ఏడు ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి రెండు చీటీలు చేతిలో పెట్టారు.

"సార్, ఈ రెండు జతలూ ఖాయం చేసేయండి. మిగతాది అంతా మీ ఇష్టమండి."

మొదటి చీటీలో ఇంగ్లీషు మేష్టారు, హిందీ గెస్టు. కారణం అడిగాను. ఇద్దరూ తణుకు నుంచి ఒకే మోటారు సైకిలు మీద వస్తారట, ఒకే హాల్లో వేస్తే పేపర్లు అప్పగించి ఒకేసారి బయల్దేరవచ్చునట. రెండో చీటీలో ఎకనామిక్స్ మేడం, కంప్యూటర్స్ గెస్టు మేడం. వాళ్ళిద్దరిదీ ఒకటే వీధి అని, ఒకరికి ఒకరు తోడని.

"హిందీ ఆయన్ని తీసేస్తే కామర్స్ మేష్టారి పక్కన ఎవర్ని వేయనండీ?" అన్నాను.

"ఎవరో ఒకరిని వేయండి సార్. ఇంకా పన్నెండు మంది ఉన్నారు కదా!"

ఇదిగో, నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. పన్నెండు మంది ఉంటే పన్నెండు దారులు ఉంటాయని లోకం నమ్మకం. గోడ మీద వైట్ బోర్డు ఉంటే అక్కడే గీసి చూపించాను. "రెండు బిగిస్తే మిగతావి మన చేతిలో ఉండవండి. చూడండి, ఈ జతలు నిర్బంధం అయిపోతాయి" అన్నాను. ఆయన నా వెనక్కి చూస్తూ ఫోన్లో ఎవరికో "ఆ, చెప్పండి" అన్నారు. బోర్డు నేనే తుడిచి వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం మా డిపార్టుమెంటు గదిలో కూర్చుని లిస్టు వేశాను. కామర్స్ మేష్టారితో కలపదగిన గెస్టులు నలుగురే. మిగతా నలుగురిలో ఒకాయనదీ ఈయనదీ ఒకే సబ్జెక్టు, ఒకాయన తోడల్లుడు, ఇద్దరికి ఈయనతో మాటల్లేవు. కుదిరే నలుగురిలో హిందీ, కంప్యూటర్స్ చీటీల్లో పోయారు. తెలుగు గెస్టు గారు నాతో ఉన్నారు. ఇక మిగిలింది బోటనీ గెస్టు మేడం ఒక్కతే. అక్కడ గీత దిద్దగానే మిగతా గీతలన్నీ పడిపోయాయి. హిస్టరీ మేష్టారికి ఫిజిక్స్ గెస్టు, మిగతా ముగ్గురికి తలా ఒకరు. ఆశ్చర్యం వేయలేదు. నిజం చెప్పాలంటే, ఎం.ఫిల్‌లో రాసిందంతా కళ్ళెదుట జరిగిందని కొంచెం సంతోషం కూడా వేసింది. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు చిరాకు.

బోటనీ మేడం గురించి చెప్పాలి. నరసాపురం అవతల సముద్రం ఒడ్డు ఊరు. ఇంట్లో అందరిదీ చేపల పని. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది ఈవిడే మొదలు. పాలకొల్లులో అద్దెకుండి రోజూ పాసింజరులో వచ్చేది. ఎనిమిదేళ్ళుగా గెస్టు. ప్రతి జూన్‌లో రెన్యువల్ ఆర్డరు రావాలి, రిమార్కు ఏదీ లేకపోతే వస్తుంది. ఒక్క రిమార్కు పడితే ఆ ఎనిమిదేళ్ళ లెక్కా పోతుంది, మళ్ళీ కొత్తగా దరఖాస్తు పెట్టుకున్న వాళ్ళ వెనక నిలబడాలి. హాల్లో ఆవిడ కళ్ళు కప్పడం ఎవరి వల్లా కాదు. పిల్లలకు ఆవిడంటే భయం, మా కామర్స్ మేష్టారికి కూడా కొంచెం.

లిస్టు నోటీసు బోర్డులో పెట్టిన గంటకే నా గదికి వచ్చింది.

"సార్, నాకు ఆ హాలు కాకుండా ఇంకోటి వేయగలరేమో చూడండి."

"ఏమమ్మా?"

"మీకు తెలియంది ఏముందండి. ఆయన పక్కన నేనుంటే రోజూ గొడవే. ఏదో ఒకటి జరుగుతుంది, అది నా మీదకే వస్తుందండి. జూన్‌లో నా రెన్యువల్ ఉంది."

"తెలుసమ్మా. కానీ వేరే దారి లేదు. ప్రిన్సిపాల్ గారు రెండు జతలు ఖాయం చేశారు. ఆ రెంటితోనే లిస్టంతా బిగుసుకుపోయింది. కావాలంటే రుజువు చేసి చూపిస్తాను, కూర్చో."

"రుజువు వద్దండి. హాలు మారిస్తే చాలు."

"మార్చడానికి వీల్లేదనే కదమ్మా నా రుజువు!"

ఆవిడ "అలాగేనండి" అని వెళ్ళిపోయింది. నేను రుజువు చూపించే అవకాశం పోయిందనుకున్నాను. అంతే అనుకున్నాను.

మొదటి మూడు పరీక్షలు ఎలాగో గడిచాయి. నాలుగోది ఇంగ్లీషు. నేను ఆరో హాలు, వాళ్ళు అయిదో హాలు. మధ్యలో ఒక గోడ, గోడలో తలుపు లేని గుమ్మం, బయట ఒకటే వరండా. నా హాల్లో తెలుగు గెస్టు గారు హాజరు ఫారాలు ముత్యాల్లాంటి అక్షరాలతో నింపుతున్నారు. నేను మోకాలి నొప్పికి కాలు చాపుకుని ఆ గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్నాను. అది నా మామూలు స్థలం.

పదిన్నర ప్రాంతంలో అయిదో హాల్లోంచి బోటనీ మేడం గొంతు వినిపించింది. "ఇలా ఇవ్వండి. లేవండి" అంటోంది. తర్వాత కామర్స్ మేష్టారి గొంతు, బుజ్జగిస్తున్నట్టు: "పోనీలెండి మేడం. ఆడపిల్ల. ఆ కాగితాలు నాకివ్వండి, నేను మందలిస్తాగా."

"రిపోర్టు రాయాలండి."

"రాద్దాం లెండి, టైమయ్యాక రాద్దాం."

ఆవిడ పట్టుకున్న చిన్న జెరాక్సు ముక్కల్ని ఆయన తీసుకుని కిటికీ గట్టు మీద పెట్టారు. ఆవిడ రిపోర్టు ఫారం కోసం వరండాలోకి వచ్చి అటెండరుని పిలిచింది. అటెండరు, "ఆయ్, తెత్తున్నానండీ" అని ఆఫీసు వైపు నడిచాడు. అతను ఆఫీసు చేరకముందే గేటులోకి స్క్వాడ్ జీపు వచ్చింది.

స్క్వాడ్ వాళ్ళు మొదట అయిదో హాల్లోకే వెళ్ళారు. నాకు గుమ్మంలోంచి అంతా కనపడుతూనే ఉంది. కిటికీ గట్టు మీద స్లిప్పులు దొరికాయి. రెండో బెంచీ అమ్మాయి ఏడ్చింది. ఇంకో ఇద్దరి దగ్గర కూడా దొరికాయి. స్క్వాడ్ పెద్దాయన, "ఇవి గట్టు మీదికి ఎలా వచ్చాయండీ?" అని అడిగారు.

మా కామర్స్ మేష్టారు చెమట తుడుచుకుంటూ అన్న మాట నేను చెవులారా విన్నాను. "ఆ వరసంతా మేడం గారు చూసుకుంటున్నారండి."

ఆవిడ, "నేనే పట్టుకున్నానండి. రిపోర్టు ఫారం కోసం పంపించాను" అంది.

"ఫారం ఏదమ్మా మరి?"

ఫారం అప్పుడే వస్తోంది, అటెండరు చేతిలో. చాలా ఆలస్యంగా, చాలా నింపాదిగా.

వారానికి విచారణ వేశారు. విచారణ చేసేందుకు వేరే కాలేజీ నుంచి ఒక సీనియర్ ప్రిన్సిపాల్ గారు వచ్చారు, నెమ్మదైన మనిషి. సంబంధం ఉన్న అందరినీ రాతపూర్వకంగా వివరణ ఇమ్మన్నారు. లిస్టు వేసినవాణ్ణి కనుక నన్ను కూడా. ఇద్దరినీ ఒకే హాల్లో ఎందుకు వేశారన్నది నాకు ప్రశ్న. గుమ్మం దగ్గర విన్నదీ చూసిందీ ఎవరూ అడగలేదు, లిస్టు ధ్యాసలో పడి నేనూ రాయలేదు. ఆ ప్రశ్న కోసమే నేను ఎదురు చూస్తున్నాను. ప్రిన్సిపాల్ గారి చీటీలు కాగితం మీదకు ఎక్కించే అవకాశం ఇదే అనుకున్నాను. కూర్చుని, మంచి ఇంకు పెన్నుతో, అందంగా రాశాను: "ముందుగా ఖాయం చేయబడిన రెండు జతలకు లోబడి, నియమాలన్నీ పాటిస్తే, ఈ జతకు వేరే మార్గం లేదు. ఇది గణితపరంగా నిరూపించదగినది." కింద సంతకం. ప్రిన్సిపాల్ గారికి గట్టిగా తగిలిందనుకుని సంతృప్తిగా మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

నా తెలివి తగలబడ. ఆ పెద్దాయన దాన్ని ఎలా చదివారో తెలుసా? మొదటి ముక్క ఆయనకు పట్టలేదు. "వేరే మార్గం లేదు" అన్నది పట్టింది. వేరే మార్గం లేదంటే లిస్టులో తప్పు లేదు. లిస్టులో తప్పు లేదంటే ప్రిన్సిపాల్ తప్పు లేదు, లిస్టు వేసినవాడి తప్పు లేదు. ఇక తప్పంతా హాల్లో ఉన్న ఇద్దరిదీ. అందులో ఒకాయన పర్మినెంటు, మెమో ఇస్తే సరి. రెండో ఆవిడ గెస్టు, "రెన్యువల్‌కు సిఫారసు చేయలేము." నా ఒక్క వాక్యాన్ని బిగించి మిగతా విచారణంతా ముగించేశారు. ఇంతకన్నా చక్కటి నిర్బంధ సమితిని నేను ఎం.ఫిల్‌లో కూడా చూపించలేకపోయాను.

ఆ సంగతి ఆఫీసు గుమాస్తా ద్వారా పొక్కిన రోజు సాయంత్రం బోటనీ మేడం నా గదికి వచ్చింది. పాసింజరు టైము దగ్గరపడుతోంది, భుజాన సంచీ ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, ఆ రోజు రుజువు చూపిస్తానన్నారు కదండి. ఇప్పుడు చూపించండి."

కోపంగా అనలేదు. అందుకే నాకు ఇంకా ఇబ్బందిగా ఉంది. బీరువా తీసి లిస్టు వేసిన కాగితం బల్ల మీద పరిచాను. పదహారు చుక్కలు, పెన్సిలు గీతలు, వాటిపైన పెన్నుతో దిద్దిన ఎనిమిది జతలు. ఇంగ్లీషు మేష్టారి చీటీ ఇది, ఎకనామిక్స్ మేడం చీటీ ఇది. ఈ రెండూ బిగించాక కామర్స్ ఆయనకు నువ్వు తప్ప ఎవరూ లేరమ్మా, నీ తర్వాత హిస్టరీ ఆయనకు ఫిజిక్స్ గెస్టు తప్ప లేరు, అలా మిగతావన్నీ. క్లాసులో చెప్పినట్టే చెప్పాను. నా గొంతులో కొంచెం పాఠం ధోరణి వచ్చింది కూడా.

ఆవిడ కాగితం మీదకు వంగి చూసింది. బోటనీ వాళ్ళకు ఆకు మీద ఈనెలు చూసే అలవాటు ఉంటుంది. కాసేపయ్యాక వేలు పెట్టి అడిగింది.

"ఇదేంటండి?"

"అది నాదమ్మా. నేనూ, తెలుగు గెస్టు గారూ."

"ఇది ఎవరు చెప్పారండి?"

"ఎవరో చెప్పడం ఏముంది. అది ఎప్పుడూ ఉండేదే."

"చీటీ ఉందాండి దీనికి?"

లేదు. చీటీ లేదు. ఏళ్ళ తరబడి లిస్టు వేయడానికి కూర్చోగానే మొట్టమొదట నేను దిద్దే గీత అదే. తెలుగు గెస్టు గారు ఫారాలన్నీ ఆయనే నింపేస్తారు, నా మోకాలికి సుఖం. నాతో కుదిరే ఇంకో మనిషి ఫిజిక్స్ గెస్టు. ఆయనతో హాల్లో పడితే పోటీ పరీక్షల రీజనింగు లెక్కలు నా ముందు పెట్టి, "సార్, ఇదొక్కటి చూడండి" అని మూడు గంటలూ ప్రాణం తోడేస్తారు. ఆయన్ని తప్పించుకోవడానికి కూడా ఆ గీత. అది అలవాటైపోయి నాకు గీతలా కనపడటమే మానేసింది. చీటీలు రెండని లోకమంతా చాటాను. మూడోది నాదని లెక్కే పెట్టలేదు.

ఆవిడ ముందే రబ్బరు తీసుకోబోయాను. పెన్ను గీత రబ్బరుకు చెరగదు. ఇంకో కాగితం తీసుకుని మళ్ళీ చుక్కలు పెట్టాను. ప్రిన్సిపాల్ గారి రెండు చీటీలూ అలాగే ఉంచాను. నా గీత ఒక్కటి దిద్దకుండా చూశాను. ముగ్గురికి ముందులాగే తలా ఒకరు తేలారు. చివరికి ఆరుగురు మిగిలారు: కామర్స్ మేష్టారు, నేను, హిస్టరీ మేష్టారు. ఇటు బోటనీ మేడం, తెలుగు గెస్టు, ఫిజిక్స్ గెస్టు. ఒకరి చెయ్యి ఒకరికి అందుతూ గుండ్రంగా వచ్చారు.

ఆరుగురి బల్ల. రెండు దారులు. నేను తెలుగు ఆయన్ని పట్టుకుంటే ఆవిడకు కామర్స్ మేష్టారే. నేను ఫిజిక్స్ ఆయనతో వెళ్తే కామర్స్ మేష్టారికి తెలుగు గెస్టు గారు పడతారు, ఆవిడ హిస్టరీ మేష్టారితో ప్రశాంతంగా ఉంటుంది. తెలుగు గెస్టు గారు పెద్దమనిషి, స్లిప్పు కనపడితే కామర్స్ మేష్టారి చేతికి ఇచ్చే రకం కాదు. మొదటి రోజు ఆవిడ అడిగినప్పుడు నేను అయిదు నిమిషాలు పెడితే చాలు. రెండేళ్ళు ఎం.ఫిల్ చేసినవాణ్ణి, అందులో మొదటి అధ్యాయంలో మొదటి ఉదాహరణే ఈ ఆరుగురి చక్రం.

ఆవిడకు చెప్పాను. మొత్తం చెప్పాను, మోకాలు, రీజనింగు లెక్కలు సహా. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ విని, రెండో కాగితం వైపు చూసి, "రైలు టైమైందండి" అని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే కొత్తగా ఇంకో స్టేట్‌మెంటు రాసుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరకు వెళ్ళాను. "నా మొదటి వాక్యం తప్పు. వేరే మార్గం ఉంది. నా సౌకర్యం కోసం నేనే దాన్ని మూసేశాను." అయిదో హాల్లో విన్న మాటలు కూడా కింద రాశాను. ఆయన రెండుసార్లు చదివారు.

"సార్, మీ మోకాలి నొప్పికీ స్లిప్పులకీ సంబంధం ఏంటండీ?"

"అదే చెబుతున్నానండి. బోర్డు మీద గీసి చూపిస్తాను."

"వద్దు వద్దు. ఫైలు నిన్ననే వెళ్ళిపోయిందండి. ఇప్పుడు ఇది పంపితే మొదట అబద్ధం రాశారంటారు, మీకెందుకు చెప్పండి రిటైరయ్యే ముందు?"

బస్సెక్కి రాజమండ్రి వెళ్ళాను. విచారణ చేసిన పెద్దాయన ఇల్లు అక్కడే. మర్యాదగా లోపలికి రమ్మని కాఫీ ఇచ్చారు. నేను రాసింది చదివి కళ్ళజోడు తీశారు.

"మాష్టారూ, మీరు మొదట రాసింది తప్పంటారా, ఇప్పుడు రాసింది తప్పంటారా?"

"మొదటిదండి."

"అయితే మీ మీద కూడా విచారణ వేయాల్సి ఉంటుంది కదండీ."

"వేయండి."

"నేను వేయలేనండి. మీ ప్రిన్సిపాల్ గారు కోరితే వేస్తారు పైవాళ్ళు."

"ఆయన కోరరండి."

"అదే నేనూ అంటున్నాను" అని ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టారు. నా కాగితం మడతపెట్టి నా చేతికే ఇచ్చారు. తిరుగు బస్సులో గోదావరి వంతెన మీద దాన్ని ముక్కలు చేసి పారేద్దామనుకున్నాను. చివరికి ఆ పైవాళ్ళ ఆఫీసుకే పోస్టులో పంపాను, రిజిస్టరు చేసి. అందినట్టు కార్డు వచ్చింది. ఇంకేమీ రాలేదు.

జూన్‌లో ఆవిడ పేరు లేకుండా రెన్యువల్ లిస్టు వచ్చింది. కామర్స్ మేష్టారికి మెమో వచ్చింది, ఆయన దాన్ని అందరికీ చూపించి బాధపడ్డారు. నా మీద ఏ చర్యా లేదు. అదే నాకు ఇప్పటికీ కడుపు మంట. తప్పు చేసినవాడికి ఒక చిన్న మెమో అయినా ఇవ్వలేని విచారణ ఏం విచారణ!

ఆ తర్వాత రిటైరయ్యేవరకు మూడేళ్ళు లిస్టు నేనే వేశాను. మానేస్తానంటే ఎవరూ ఒప్పుకోలేదు. ఒక్క మార్పు చేశాను. నా చుక్కకు గీత అందరికన్నా ఆఖర్న దిద్దేవాణ్ణి. మీరు లిస్టు వేసేటప్పుడు ఏ శాస్త్రం గుర్తు పెట్టుకోకపోయినా ఫరవాలేదు, ఇది గుర్తు పెట్టుకోండి. ఎవరి చీటీలు ఎన్నో లెక్కపెట్టే ముందు, మీ చేత్తో అలవాటుగా ఏం దిద్దేశారో చూసుకోండి.

పోయిన ఏడాది, నేను రిటైరవడానికి నెల ముందు, నిడదవోలు స్టేషన్లో ఆవిడ కనపడింది. భీమవరం దగ్గర రొయ్యల చెరువుల నీళ్ళనూ, రొయ్య పిల్లల్నీ పరీక్ష చేసే ల్యాబులో పని చేస్తోందట. ఉద్యోగం పోయిన తర్వాతి ఏడు గెస్టు పోస్టుకు దరఖాస్తు పెట్టిందట, రాలేదట. మాటలు తొందరగానే అయిపోయాయి. రైలు రావడానికి ఇంకా టైముంది.

"పరీక్షలు మొదలయ్యాయాండి?" అని అడిగింది.

"సోమవారం నుంచి."

"లిస్టు మీరే వేశారాండి?"

"నేనే. నాది ఆఖర్న దిద్దాను."

"ఎవరు పడ్డారండి మీకు?"

"ఫిజిక్స్ ఆయన."

ఆవిడ నవ్వింది. ఆవిడ నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి. తర్వాత ఆ నవ్వు మెల్లగా ఆగిపోయింది. సంచీ భుజానికి సర్దుకుంటూ, రైలు వచ్చే వైపు చూస్తూ అంది.

"అయితే వేరే దారి ఉంటుందన్నమాటండి."